టీవీ రాకముందే

"టీవీ ఏ ఎత్తులో పెడతారమ్మా?" అని అడిగాడు ఎలక్ట్రీషియన్. పక్కింటికీ మాకూ ఉమ్మడిగా ఉన్న గోడని కోసి, వైర్ల పైపు లోపలికి దించుతున్నాడు. టీవీ ఇంకా కొనలేదు. ఎప్పుడో కొన్నాక వైర్లు బయటికి వేలాడకూడదని మా ముందుచూపు.

"కిందికి పెట్టు. నాకు మంచం మీంచి కనపడాలి," అంది మా అత్తగారు.

"పైకి పెట్టు. నేను వంటింట్లో నించుని చూడాలి," అన్నాను నేను.

"నించుని టీవీ చూస్తే కూర మాడిపోదూ?"

"పడుకుని చూస్తే మాత్రం ఉడుకుతుందా అత్తయ్యా?"

అంతే. మాటా మాటా పెరిగింది. పెళ్లిచూపుల నాటి సంగతులు కూడా బయటికొచ్చాయి. తేల్చుకుని కబురు పెట్టమని చెప్పి ఎలక్ట్రీషియన్ పనిముట్లు సర్దుకున్నాడు. మా ఆయన ఎటూ చెప్పలేక, కోసిన గోడకేసే చూస్తూ కూర్చున్నాడు.

వారం గడిచినా గొడవ చల్లారలేదు. ఇక నావల్ల కాదని, పుట్టింటికి బ్యాగు సర్దుకుని తలుపు తీశాను. ఎదురుగా పక్కింటావిడ.

"మీ కొత్త టీవీ సౌండు అదిరిపోతోందండీ! గోడ అవతలున్న మాకు ప్రతి మాటా వినిపిస్తోంది. ఇంటిల్లిపాదీ పనులు మానుకుని వింటున్నాం. ఆ అత్త వేషం వేసినావిడ ఎవరోగానీ, జీవించేస్తోంది! ఇంతకీ ఆ కోడలు పుట్టింటికి వెళ్లిపోతుందా?"



మా అత్తగారు మంచం దిగి వచ్చింది. కొంగు సర్దుకుంది. నా చేతిలోంచి బ్యాగు లాక్కుంది.

"అప్పుడే ఎక్కడికి వెళ్తుందండీ?" అంది పక్కింటావిడతో. "కథ ఇంకా చాలా ఉంది."