శంకునత్తను పట్టే తీరు

తమ్ముడు పడుకున్న మంచం చెంత ముందుగా డాక్టరు, ఆపై తమ్ముడి భార్య, అందరికంటే వెనుక అన్న నిలబడి ఉన్నారు. అన్నదమ్ములిద్దరూ గవ్వల కోసం సముద్రంలో మునిగేవారు. విషపు శంకునత్త తమ్ముణ్ణి కుట్టి గంటయింది.

"దీనికి విరుగుడు లేదమ్మా. ఇక ఆశ పెట్టుకోవద్దు," అన్నాడు డాక్టరు.

ఆమె భర్త భుజం పట్టి కుదిపింది. "లావు వైపు పట్టుకుంటే కుట్టదని బావగారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు కదండీ! మీ చెవికెక్కితేనా!"

"సన్న వైపు పట్టుకున్నానే... తప్పు నాదే," అన్నాడతడు, మొద్దుబారిన నాలుకతో. ఆ వెంటనే మాట పడిపోయింది.

తమ్ముడు దాన్ని లావు వైపే పట్టుకోవడం అన్న పడవలో కళ్లారా చూశాడు.

"లేదమ్మా," అంటూ ముందుకు వచ్చి, అందరి ఎదుటా తమ్ముడికి చేతులు జోడించాడు. "వీడు నేను నేర్పినట్టే పట్టుకున్నాడు. నా తప్పును తన నెత్తిన వేసుకున్నాడు."