గిలకకు రంగు

"సగం బకెట్ నీళ్ళు గూడ పైకొస్తలేవురా! మిర్యాలగూడల ఆపరేషన్ అయినకాడి నుంచి నా చేతుల బలం ఖతమైంది." రంగనాయకమ్మ విసుగ్గా చేదతాడు వదిలేసింది.

"నల్లా ఉండంగ ఈ తిప్పలెందుకమ్మా? రేపే బావి పూడ్పిస్త," అన్నాడు కొడుకు వంశీధర్.

ఆమె ఉక్రోషంగా మళ్ళీ తాడు అందుకుంది. లాగుతూ తలెత్తి చూసింది. తాడు జారుతోంది కానీ పైన గిలక తిరగడం లేదు.

"దసరా పూజకు దీనికి రంగేసింది ఎవర్రా?"

"నేనే. తుప్పు కనపడకుండ ఇరుసు దాకా మందంగ పూసిన."

"అట్లనా? ఇగ నువ్వు గుంజు."

వంశీధర్ రెండు బారలు లాగేసరికే రొప్పుతూ ఆగిపోయాడు.

రంగనాయకమ్మ కొంగు బిగించి, వాడి చేతిలోంచి తాడు తీసుకుంది.

"నీకేం ఆపరేషనయింది బిడ్డా?"