కాలు తియ్యకు

“కాలెందుకు తీశావక్కా!” కారు కిందనుంచి తమ్ముడు అరిచాడు.

డ్రైవరు సీట్లో కూర్చున్న ఆవిడ తలుపులోంచి తల బయటికి పెట్టింది. “నేనేం చేశానురా! నొక్కమంటే నొక్కాను. ఉన్నట్టుండి బ్రేకు పెడల్ నేలదాకా దిగిపోయింది. విరిగిందేమోనని భయమేసి...”

“దిగుతుంది మరి. నేనిక్కడ బ్రేకు గొట్టంలో గాలి పోవడానికి మర వదులు చేస్తే దిగదా? అది దిగినా నీ కాలు దానిమీదే ఉండాలి. నేను మళ్ళీ బిగించి, వదలమన్నాకే వదలాలి. ఇప్పుడు చూడు, పోయిన గాలంతా మళ్ళీ గొట్టంలో దూరింది.”

“దూరితే ఏమవుతుంది?”

“ఏముంది? నీ కొడుకు రోడ్డు మీద బ్రేకు నొక్కుతాడు. బ్రేకు పడదు.”

ఆ మాట వినగానే ఆవిడ రెండు కాళ్ళూ తెచ్చి పెడల్ మీద పెట్టేసింది.

“మామయ్యా, అమ్మతో అలాంటివి చెప్పకు. వారం రోజులు అన్నం మానేస్తుంది,” అవతలి చక్రం దగ్గరనుంచి కొడుకు నవ్వాడు. ఇరవై నాలుగేళ్ళొచ్చినా ఆవిడకి వాడింకా చంటిగాడే.

ఆ కారు వయసులో ఆవిడకన్నా పెద్దది. పాత బ్రేకులు తీసేసి ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు వేస్తేగాని షెడ్డు గుమ్మం దాటనివ్వనని భీష్మించుకుంది ఆవిడే. తీరా ఇప్పుడు ఆ కారు చక్రాలు లేకుండా నాలుగు ఇనప స్టాండ్ల మీద నిలబడి ఉంది. దాని కింద కొడుకూ తమ్ముడూ, దానిపైన తను. ఎదురుగా ఎత్తి ఉన్న బానెట్ గోడలా అడ్డం. కదిలితే బండి ఎటు ఒరుగుతుందోనని ఆవిడ దగ్గు కూడా మింగేస్తోంది.

“నొక్కు.”

“నొక్కాను.”

“పట్టుకో.”

పెడల్ మెత్తగా కిందికి జారిపోయింది. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది కానీ కాలు తీయలేదు.

“ఇక వదులు.”

“నిజంగా వదలనా?”

“వదులు తల్లీ! నువ్వు నొక్కుతున్నది బ్రేకు, నా పీక కాదు.”

అలా ఏడెనిమిదిసార్లు అయింది. మళ్ళీ నొక్కమన్నాడు, నొక్కింది. అంతలో కింద పానా ఖంగుమని నేలమీద పడింది. ఆ తరువాత ఏదో గుసగుస.

“ఏమైందిరా?”

“ఏం లేదు, పానా జారింది. అక్కా, ఈసారి చాలాసేపు పట్టుకోవాలి. నేను చెప్పేదాకా కాలు తియ్యకు. తీశావో, పొద్దుటినుంచి చేసిందంతా మొదటికొస్తుంది.”

“చంటీ!”

జవాబు లేదు.

“వాడు పలకడేంరా?”

“నోట్లో టార్చి పెట్టుకున్నాడు. ఎలా పలుకుతాడు?”

“చేతులేమయ్యాయి?”

“చేతులా... చేతులతో గొట్టం పట్టుకున్నాడు.”

ఆవిడ పిక్క లాగడం మొదలైంది. పాదం తిమ్మిరెక్కింది. పెడల్ కాస్త కదిలినట్టనిపించి ఇంకా గట్టిగా అదిమింది. కళ్ళముందు ఒక ఏటవాలు రోడ్డు, కింద ఒక లారీ, మధ్యలో పడని బ్రేకు నొక్కుతున్న తన కొడుకు.

“ఒక్కసారి ‘ఊఁ’ అనమనరా వాణ్ణి. చాలు.”

“ఊఁ,” అని వినిపించింది.

“అది నీ గొంతు!”

“మేనమామ పోలిక అక్కా. కిందనుంచి అలాగే వినిపిస్తుంది.”

“స్టాండు జరగలేదు కదా? వాడి మీద ఏమీ పడలేదు కదా? నామీద ఒట్టేసి చెప్పు.”

“నీమీద ఒట్టు, వాడి మీద ఏమీ పడలేదు. కాలు మాత్రం తియ్యకు.”

ఆవిడ తలుపులోంచి వంగి చూడబోయింది. అంత వంగితే కాలు లేచిపోతోంది. చూడాలంటే కాలు తీయాలి. తీస్తే రేపు వాడికి బ్రేకు పడదు. చూడకపోతే ఈరోజు వాడికేమైందో తెలియదు. స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, ఎవరికీ వినబడకుండా ఏడ్చింది. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి తీయాలన్నా ధైర్యం చాలలేదు.

ఎంతసేపయిందో తెలియదు. అరగంట దాటే ఉంటుంది.

“ఇక వదిలెయ్ అక్కా.”

కాలు తన కాలులా లేదు. తలుపు పట్టుకుని కిందికి జారి, అక్కడే చతికిలబడి కారు కిందికి చూసింది. తమ్ముడొక్కడే ఉన్నాడు. పక్కన వెలుగుతున్న టార్చి పడి ఉంది.

“వాడేడిరా?”

బానెట్ పక్కనుంచి కొడుకు నడిచి వచ్చాడు. కుడి అరచేతినుంచి మణికట్టుదాకా తెల్లటి కట్టు. చొక్కా మీద ఇంకా ఆరని మరకలు.

“పానా జారి చెయ్యి తెగింది. ఆరు కుట్లేనక్కా. ఆసుపత్రి పక్క సందులోనేగా,” అన్నాడు తమ్ముడు, ఆవిడ కళ్ళలోకి చూడకుండా.

ఆవిడ చెయ్యి చాచి ఆ కట్టు అంచు తాకింది.

“నేను... నేను కాలు తీశానా నాన్నా?”

“లేదమ్మా,” అన్నాడు వాడు పక్కన కూర్చుని. “బ్రేకుల పని అప్పటికే అయిపోయింది. నువ్వు దిగి వచ్చి నా రక్తం చూడకూడదని నేనే మామయ్యతో కాలు తియ్యొద్దని నీకు చెప్పించాను.”