నాలుగు వేళ్ల నీళ్లు

"మోసం చేసినావు జయరాజూ! అద్దాలకు నువ్వు పూసింది సిలికానా, రాగిసంగటా?"

గంగాధరప్ప కేకకు హాలంతా అదిరింది. ఎదురుగా నాలుగడుగుల చేపల తొట్టి. మూలలు కారుతున్నాయని పిలిపిస్తే జయరాజు పాత సిలికాన్ జిగురంతా బ్లేడుతో గీకి కొత్తది పట్టించాడు. అది పూర్తిగా ఆరకముందే గంగాధరప్ప తొందరపెట్టి, పరీక్షకని అంచుదాకా మంచినీళ్లు పోయించాడు. పరీక్ష అయ్యాక ఆ నీళ్లు మోరీలో పారబోయాలి. ఆ తర్వాతే చేపలకు వేరే నీళ్లు. ఒక్క రోజులో తొట్టిలో నాలుగు వేళ్ల నీళ్లు తగ్గాయి.

జయరాజు మోకాళ్ల మీద కూర్చుని మూలమూలా తడిమాడు. పొడి. తొట్టి కింద తాను పరిచిన పేపరు లాగి చూపించాడు. అదీ పొడే.

"కారింటే పేపరు తడవాల గదా సామీ?"

"మరి నీళ్లు యాడికి పోయినాయప్పా? చేపలు తాగినాయా? అవి టబ్బులో ఉండాయే!"

ఇంటివాళ్లు పకపకా నవ్వారు. ఈ మాట బయటికి పొక్కితే గార్లదిన్నెలో ఇంకెవరూ అద్దాల పనికి పిలవరు. ఈ పని ఇప్పించింది ఇదే ఇంట్లో అంట్లు తోమే తన భార్య సువార్త. ఆమెకూ తలవంపులే. జయరాజు నోటికొచ్చింది అనేశాడు.

"ఎవరో ముంచుకున్నారు సామీ. నా అతుకు కారలేదు."

గంగాధరప్ప చూపు గేటు మీదికి పోయింది. "రేయ్ బాలప్పా, ఇట్ల రా!"

అరవై దాటిన వాచ్‌మన్ బాలప్ప వచ్చి నిలబడ్డాడు.

"నీళ్ల సంపుకు తాళం వేసినామని తొట్టిలో ముంచినారు ఎవరో. నీకు తెలీకుండా గేటు దాటి బిందె పోతాదా? ఎవరు ముంచినారు?"

బాలప్ప జయరాజు వైపు ఒకసారి చూశాడు. తల దించుకున్నాడు.

"నేనే సామీ."

"సంచి ఎత్తుకొని పో. మళ్లా ఈ గేటు తొక్కొద్దు."

తాళంచెవి మెట్టు మీద పెట్టి పోతూ పోతూ బాలప్ప ఆగాడు. "నీ అతుకు బాగుండాదిలే జయరాజూ" అన్నాడు.

జయరాజు గోళ్లలో ఇరుక్కున్న సిలికాన్ గిల్లుకుంటూ కూర్చున్నాడు. తలెత్తలేదు.

ఇంటికి చేరేసరికి నోరు పిడచకట్టుకుపోయింది. కూతురు రూతు చెంబుతో నీళ్లిచ్చింది. గుక్క తాగి మొహం చిట్లించాడు. పుల్లటి వాసన. ఆరని సిలికాన్ వాసన. తన చేతులదేమో అనుకున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, "ఎత్తి పొయ్యమ్మా" అని నోరు తెరిచాడు. రూతు పోసింది.

అదే వాసన.

"సువార్తా! యాడివి ఈ నీళ్లు?"

సువార్త దాచలేదు. "ఆ తొట్టిలోవే. ఎట్లా మోరీ పాలయ్యేటివే గదా. మన కొళాయికి నీళ్లొచ్చి తొమ్మిది దినాలాయె. మన వీధికి రావాల్సిన ట్యాంకరు ఆయన సంపులోకి పోయె. మధ్యాన్నం వాళ్లు పండుకున్నప్పుడు రెండు బిందెలు తెచ్చినా. ఏం, తెలిసిపోయిందా?"

"లేదు." అన్నాడు జయరాజు. "బాలప్ప ముంచినానని ఒప్పుకున్నాడు. తరిమేసినారు. నేను నోరెత్తలేదు."

సువార్త ఖాళీ బిందె తెచ్చి మొగుని చేతిలో పెట్టింది.

"'పట్టకపోమ్మా, బిడ్డకు తాపు, ఎవరడిగినా నేను చూసుకుంటా' అని నాకు గేటు తీసింది ఆయప్పే. లెయ్! ఇప్పుడే పోయి ఆ గంగాధరప్ప ముందర నిలబడు. రెండు బిందెలు ముంచింది నా పెండ్లాము, ట్యాంకరు మింగింది నువ్వు అని చెప్పు. బాలప్పన్నను పనిలోకి పిలువు, సంపు తాళం తియ్ అని అడుగు!"