తలుపు చెక్క మీద మైళ్లు

"మళ్లీ మీటరు చూస్తున్నావా పెద్దాయనా? బండి కొంటావా ఏంటి?"

రోండా విసుక్కుంది. గుర్రాలకు నాడాలు కొట్టడం ఆమె పని. అమెరికాలోని మోంటానాలో ఒక్కో గుర్రం కోసం ఎనభై మైళ్లు పోవాలి.

గుర్రం యజమాని ఆర్విడ్ ఆమె ట్రక్కు కిటికీలోంచి తల బయటికి తీశాడు.

"నువ్వు రాసుకోవడం లేదుగా అమ్మాయ్! మీటరు అంకె రాసుకో. రేపు పన్నుల వాళ్లు అదే అడుగుతారు."

"నీ పని నువ్వు చూసుకో!"

నెలకోసారి ఇదే తంతు. ముసలాయనకున్నది ఒకే ఒక్క గుర్రం. నస మాత్రం పది గుర్రాల పెట్టు.

మార్చిలో ఆయన పోయాడు. పనుందని రోండా అంత్యక్రియలకు కూడా వెళ్లలేదు.

ఏప్రిల్లో పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పని మీద తిరిగిన మైళ్లకు పన్నులో ఇచ్చిన తగ్గింపు చెల్లదట, విచారణకు వచ్చి మీటరు అంకెలు చూపించాలట. తగ్గింపు పోతే పన్ను బాకీ కట్టడానికి ట్రక్కు అమ్మాలి. ట్రక్కు పోతే పనే లేదు.

"ఒక్క పూట కూర్చుని మైళ్ల పుస్తకం రాసేయవే. అందరూ చేసేదేగా," అంది స్నేహితురాలు జోలీన్.

"ఛీ! నేను తిరిగింది నిజం. నిజానికి దొంగ పుస్తకం దేనికే? చచ్చినా రాయను."

విచారణకు ముందురోజు ఆర్విడ్ గుర్రానికి నాడాలు మార్చడానికి వెళ్లింది. కొత్త యజమాని దాన్ని తీసుకెళ్తున్నాడు.

పని ముగించి కొట్టం తలుపు మూయబోతూ ఆగిపోయింది.

తలుపు లోపలివైపు వరసగా తేదీలు. ప్రతి తేదీ పక్కన ఆమె ట్రక్కు మీటరు అంకె. ఒకటి పెన్సిలుతో, ఒకటి నీలం సిరాతో, ఒకటి సుద్దతో. మూడేళ్లు, ఒక్క నెల కూడా తప్పలేదు.

అన్నిటికన్నా కింద ఒక ముక్క: 'అమ్మాయి ఇంకా రాయడం లేదు.'

"అయ్యో పెద్దాయనా..." రోండాకు ఏడుపు ఆగలేదు.

కొట్టం కూడా కొన్న ఆ కొత్త యజమానిని అడిగి ఆ చెక్క ఊడదీసుకుంది.

మర్నాడు దాన్నీ, తన పనుల క్యాలెండర్‌నీ పన్నుల అధికారి బల్ల మీద దబ్బున పడేసింది.

"మైళ్ల పుస్తకం లేదండీ. రాయలేదు, ఇప్పుడు అబద్ధం రాయను. ఏ రోజు ఎవరింటికి వెళ్లానో ఈ క్యాలెండర్లో ఉంది. మీటరు అంకెలు ఇవిగో. ఒప్పుకోకపోతే కోర్టుకైనా వస్తా!"

అధికారి కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఏడు అంకెకి అడ్డగీత... ఇవెవరు రాశారమ్మా?"

"ఆర్విడ్ అని ఒక ముసలాయన. ఊరికే నస పెట్టేవాడు. పోయాడు."

అధికారి మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ముప్పై ఏళ్లు ఈ కుర్చీలోనే కూర్చున్నాడమ్మా, దొంగ మైళ్లు రాసినవాణ్ణి ఒక్కణ్ణీ వదల్లేదు. నాకీ పని నేర్పింది ఆయనే."