రెండో గుంపు పాప

పసుపు బస్తాల వెనక ఎవడో ప్రాజక్త గడ్డం పట్టుకుని కూర్చున్నాడు.

అది చూసి రాజారాం చేతిలోని చాయ్ గ్లాసు జారి నేల మీద పగిలింది.

కూతురు ప్రాజక్తకు నాలుగేళ్లు. అన్నీ వింటుంది, అన్నీ అర్థమవుతాయి, మాట మాత్రం రాదు. అనాలనుకున్న మాటకు పెదవులు, నాలుక, దవడ వరుసగా కదలవు. అదే దాని జబ్బు.

అరవలేని పిల్ల అని తెలిసే వచ్చాడు వీడు, అనుకున్నాడు రాజారాం.

నాందేడ్ మొంఢా మార్కెట్లో నెలన్నరగా మూటలు మోస్తున్న కొత్త హమాలీ వాడు. ఎవరితోనూ మాట్లాడడు. వాడి బొటనవేలు పాప గడ్డం కింద ఉంది, రెండు వేళ్లు పెదవుల మీద ఉన్నాయి.

"ఎవడ్రా నువ్వు?"

మనిషి ఉలిక్కిపడి చెయ్యి తీశాడు. "సేఠ్..." అని ఆగిపోయాడు.

"నా బిడ్డ మూతి మీద నీ చెయ్యేందిరా?"

మనిషి బస్తా పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఎవడు పంపిండు నిన్ను? ఏడికెల్లి అచ్చినవ్?"

మనిషి నోరు తెరిచాడు. ఏదో లెక్క వేసుకున్నట్టు మళ్లీ మూసుకున్నాడు.

రాజారాంది రైతుల పసుపును కమీషన్ మీద అమ్మే అడ్తి దుకాణం. ముప్పై ఏళ్లుగా మనుషులను ఒకే కొలతతో కొలుస్తున్నాడు. సరుకు ఎక్కడిదని అడిగితే తడబడినవాడి బస్తా అడుగున పుచ్చు కొమ్ములే ఉంటాయి. ఆ కొలత ఇంతవరకు తప్పలేదు.

మొదటి దెబ్బ చెంప మీద పడింది.

"ఏయ్, పిల్లల ఎత్కపోయెటోడు దొరికిండు!" తూకం దగ్గరి కైలాశ్ కేక పెట్టాడు.

ఆ వారమంతా అందరి ఫోన్లలో అదే వదంతి తిరుగుతోంది. వేలం ఆగిపోయింది. నలభై మంది ఉరికి వచ్చారు.

"మారో సాలేకూ!"

ఎవడో కడుపులో తన్నాడు. ఎవడో జుట్టు పట్టి బస్తాల వెనక నుంచి బయటికి ఈడ్చాడు. బస్తాలు లాగే ఇనుప కొక్కెం ఒకటి భుజంలో దిగింది. మనిషి అరిచాడు కానీ చెయ్యి ఎత్తలేదు.

"పేరన్న చెప్పురా! చెప్తే ఇడుస్తం," అన్నాడు కైలాశ్.

మనిషి రక్తం ఉమ్మి, తల అడ్డంగా ఊపాడు.

"చూసిండ్రా? పేరు చెప్తే ముఠా అంత దొర్కుతదని భయం," అన్నాడు రాజారాం. చేతికందిన ఇనుప తూకం రాయి తీసుకుని దవడ మీద కొట్టాడు.

ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది.

రాయి రెండోసారి లేచింది. ప్రాజక్త తండ్రి కాలిని చుట్టేసుకుంది. దాని పెదవులు బిగుసుకున్నాయి, వదులయ్యాయి, మళ్లీ బిగుసుకున్నాయి.

"మ్... మా... మామ!"

అందరి చేతులూ ఆగిపోయాయి.

రాజారాం రాయి వదిలేసి బిడ్డను ఎత్తుకున్నాడు. "మల్ల అను బిడ్డా! ఒక్కపారి మల్ల అను!"

"మామ," అంది పాప, నేల మీది మనిషిని చూపిస్తూ.

రాజారాం ఆ వేలు ఎటుందో చూడలేదు. నవ్వుతూ ఏడ్చాడు. పోలీసులు వచ్చి ఆ మనిషిని జీపులో పడేసుకుని దవాఖానకు తీసుకుపోతుంటే అటు తిరిగి కూడా చూడలేదు.

సాయంత్రం మొంఢా అంతటికీ పేడాలు పంచాడు.

"భయానికి నోరు తెరుచుకున్నది. డాక్టర్లతోని కాని పని పది నిమిషాల తన్నులతోని అయ్యింది," అని కనబడిన ప్రతివాడికీ చెప్పాడు.

ఎనిమిదో రోజున భార్య దమయంతినీ పాపనూ వెంటబెట్టుకుని, మాటలు నేర్పే ప్రవీణ మేడం దగ్గరికి వెళ్లాడు. ఆమె మీద అతనికి పాత కోపం ఉంది.

ఈ జబ్బున్న ఇరవై మంది పిల్లలతో ఆమె ఒక కొత్త శిక్షణను పరీక్షిస్తోంది. చీటీలు తీసి పది మందికి ముందు నేర్పుతోంది, పది మందిని నాలుగు నెలలు ఆపింది. మాట శిక్షణ వల్ల వచ్చిందా, వయసు వల్ల వచ్చిందా తేలాలంటే ఇంతకన్నా దారి లేదంది. ప్రాజక్తకు ఆగే రెండో గుంపు చీటీ వచ్చింది. బతిమాలినా, బెదిరించినా ఆమె మార్చలేదు. ఆ కోపంతో రాజారాం ఆనాడే మొంఢాలో హమాలీలతో సహా అందరూ వినేట్టు ఆమెను తిట్టాడు.

"మీ చీటీలు మీ తాననే ఉంచుకోండ్రి మేడం. నాలుగు తన్నులకు మా బిడ్డకు మాటచ్చింది," అన్నాడు.

"చిన్నపిల్లను తన్నిండ్రా?"

"పిల్లను గాదు. ఒక దొంగను."

మేడం బల్ల మీద బొమ్మల అట్టలు పరిచింది.

ప్రాజక్త ప్రతి బొమ్మకూ తన బొటనవేలు తన గడ్డం కింద పెట్టుకుంది, రెండు వేళ్లు పెదవులకు ఆనించుకుంది, తర్వాత పలికింది.

"మామ. పాప. బువ్వ. ఆవు..."

పదకొండు మాటలు.

మేడం అట్టలు పక్కన పెట్టేసింది. "సేఠ్, ఇది భయానికి వచ్చిన మాట కాదు. నెలన్నర, రోజూ ఓపికతోని కూసోని నేర్పితే వచ్చింది. ఎవలు నేర్పిండ్రు?"

"మాకెవలు నేర్పుతరమ్మా?" అంది దమయంతి.

"ఈ వేళ్ల పద్ధతి మొదటి గుంపు తల్లిదండ్రులకే చూపించినం. రెండో గుంపుల ఎవలకన్న చూపిస్తే పరీక్ష చెడుతది, మీ పిల్లను తీసేస్తమని వాళ్లతోని సంతకం గూడ పెట్టించుకున్నం."

రాజారాం ఏదో అనబోయాడు. పాప వేళ్లు చేతిలోకి తీసుకుని చూశాడు.

మేడం హాజరు పట్టీ తిప్పి ఒక పేరు దగ్గర ఆగింది. "మొదటి గుంపుల మయూరి అని ఒక పిల్ల. మంచిగ మాటలు వస్తుండె పాపం. ఎనిమిది రోజులాయె, వస్తలేదు. ఫోను బందున్నది. మనిషిని పంపితే ఇంటికి తాళం, ఊరిడిచి పోయిండ్రని చెప్పిండ్రు."

"ఆ పిల్లను రోజూ ఎవరు తెస్తుండె?" అడిగాడు రాజారాం. అడగకుండా ఉంటే బాగుండునని అప్పటికే అనిపించింది.

"వాళ్ల నాయన దత్తు," అంది మేడం, "మీ మొంఢాలనే హమాలీ చేస్తడు."