రక్తం చెప్పిన వయసు

“మీ లెక్క తప్పు బిడ్డా. బీడీలు జేసి జేసి నా పానం సగమైంది. ఏం గాలేదంటే ఎట్ల నమ్మాలె?” శారమ్మ రిపోర్టు కాగితాన్ని బల్ల మీద ఇటు తోసేసింది.

షారోన్ నవ్వింది. రక్తం చూసి ఒంటి వయసు చెప్పే ఆ పరీక్ష ఆమెదే. పరాయి దేశాల కొలత మనవాళ్లకు సరిపోదని పట్టుబట్టి, బోధన్ చెరకు రైతుల నుంచి నిజామాబాద్ దుకాణదారుల దాకా మూడేళ్లు రక్తం సేకరించి సరిచేసింది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఆ పరీక్షకు వంక పెట్టినవాళ్లు ఇంతవరకు లేరు.

“తప్పు పోయే ముచ్చటే లేదవ్వా. నీ ఆధార్ కార్డు మీద యాభై ఆరు. నీ రక్తం గూడ యాభై ఆరే అంటున్నది. బీడీ పని నిన్ను ముసలి చెయ్యలేదన్నట్టే.”

“మరి నా దగ్గుకు వైద్యం?”

అసలు సంగతి అదే. ఒంటి వయసు కార్డు వయసును దాటితేనే ఊపిరితిత్తులకు ఉచిత వైద్యం. ఈ వాడలో నలభై మంది బీడీ కార్మికులను చూస్తే ఒక్కరూ దాటలేదు. సాయంత్రానికి క్యాంపు ఎత్తేయాలి. శారమ్మ దగ్గు వింటుంటే షారోన్‌కు జాలేసింది. కానీ జాలిపడితే లెక్క మారుతుందా?

“ఈమె ఎవరు?” శారమ్మ పక్కన నిలబడ్డామెను చూసి అడిగింది షారోన్.

“మా ఎస్తర్. బీడీ పని ముట్టలే, హాస్టల్ల వంట జేస్తది. ఈమెది గూడ సూడు.”

ఎస్తర్ ఆధార్ కార్డు అందించింది. “చర్చి బాప్తిస్మం పుస్తకంల జూసి రాయించిన తేదీ మేడం. తప్పుండదు.”

యాభై మూడు. షారోన్ రాసుకుంటూ, “నీ చెల్లెనా అవ్వా?” అంది.

“చెల్లె గాదు. సొంత అక్క. నాకంటె మూడేండ్లు పెద్దది.”

షారోన్ తలెత్తింది. “అదెట్ల?”

“బీడీ పని కార్డుకు పద్దెనిమిది నిండాలన్నరు. నాకప్పుడు పన్నెండు. ఆరేండ్లు కలిపి రాసిండ్రు. ఆధార్ల గూడ గదే ఎక్కింది. మా వాడల అందరిదీ గంతే.”

షారోన్ శారమ్మ రిపోర్టును మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆమె పరీక్ష నిజమే చెప్పింది. యాభై ఏళ్ల మనిషికి యాభై ఆరేళ్ల ఒళ్లు.

“ఇంత ముచ్చట ముందే ఎందుకు చెప్పలేదవ్వా?”

“కార్డు అడిగినవ్, ఇచ్చినం. వయసు ఎన్నడడిగినవ్?”